తడి గుర్రం కింద ఏం పరవాలి?

వానాకాలంలో గుర్రప్పందేలు నడిపే ఊళ్లు మన దేశంలో కొన్నే. పుణె ఒకటి, హైదరాబాద్ ఒకటి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1886లో పందేలను మౌలాలీ నుంచి మలక్‌పేటకు తెచ్చాడు. మధ్యలో కొంతకాలం ఆగినా, ఆ పక్కనే ఉన్న సైదాబాద్ వాళ్లకు ఇరుగుపొరుగున గుర్రాలుండటం కొత్తేమీ కాదు. జులై మొదలు అక్టోబర్ దాకా రేస్‌కోర్సు లాయాలు నిండుగా ఉంటాయి. గాలిలో తేమ పెరిగి, పరిచిన గడ్డి ఎంతకీ ఆరని నెలలు కూడా అవే. నగరంలో పోలీసు గుర్రాలున్నాయి. పాతబస్తీలో ఇళ్ల వెనక రేకుల షెడ్లలో పెళ్లి ఊరేగింపుల బారాత్ గుర్రాలున్నాయి. ఎవరి ఖర్చు వాళ్లది, ఎవరి వసతి వాళ్లది. అయినా అందరినీ విసిగించే సమస్య ఒకటుంది: రాత్రి పరిచిన పక్క తెల్లారేసరికి బురద చేసే గుర్రం, అదే తడి గుర్రం. సైస్‌లు (గుర్రాల కాపరులు) దాన్ని తిట్టుకుంటారు, ట్రైనర్లు పక్క మార్చమంటారు, యజమానులు బిల్లు చూసి నొసలు చిట్లిస్తారు.

ఈ విషయంలో సలహాలకు కొదవ లేదు. గడ్డి మంచిదనేవారు, పొట్టు మంచిదనేవారు, రబ్బరు మ్యాట్ వేస్తే చాలనేవారు ఉన్నారు. ఎవరి అనుభవం వాళ్లది కాబట్టి ఎవరినీ అబద్ధమాడుతున్నారనలేం. నాకు కనిపించిన లోపం ఒకటే. అందరూ సరుకు దగ్గర మొదలుపెడతారు. ముందు గుర్రాన్ని, తరువాత నేలను, ఆ తరువాత పని చేసే మనిషిని చూసి, సరుకు సంగతి చివర్న తేల్చాలి.

గుర్రం సంగతి చూద్దాం. ఐదు వందల కిలోల గుర్రం రోజుకు ఆరు నుంచి పది లీటర్ల మూత్రం పోస్తుంది. లద్దె లెక్క వేరు, అది పదిహేను ఇరవై కిలోల పైమాటే. మూత్రం ఇరవై ఐదు లీటర్లు దాటితే పశువైద్యులు దాన్ని అసహజంగా లెక్కిస్తారు. మూత్రం కొలవడం మన వల్ల కాదు గానీ తాగే నీళ్లు కొలవడం ఎవరి వల్లనైనా అవుతుంది. గదిలో ఆటోమేటిక్ తొట్టి ఉంటే కట్టేసి, రెండు బకెట్లు పెట్టి, నింపిన ప్రతిసారీ గోడ మీద సుద్దతో గీత గీయాలి. ఎండ లేని, పెద్దగా పని లేని రోజుల్లో మూడు రోజులు వరసగా లెక్క కడితే చాలు. అంతటి గుర్రం రోజుకు యాభై లీటర్లు దాటి తాగుతోందంటే గుర్రాన్ని చూపించాలి, పక్క సంగతి ఆ తరువాత. మే నెల ఎండలో చెమటోడ్చిన గుర్రానికి ఈ లెక్క పనికిరాదు.

కారణాల్లో చిన్నవీ ఉన్నాయి, పెద్దవీ ఉన్నాయి. రోజుకు ఇరవై మూడు గంటలు గదిలోనే నిలబడే పందెపు గుర్రం తోచక ఉప్పురాయి నాకుతుంది, తోచకే నీళ్లు తాగుతుంది. ఉప్పురాయి కొన్నాళ్లు తీసేసి, రాత్రి మేత వలసంచిలో కట్టి మెల్లగా తినేలా చేస్తే పక్క సగం పొడిబారిన సందర్భాలున్నాయి. లూసర్న్ గడ్డి ఎక్కువ పెడితే ఆ మాంసకృత్తుల నత్రజని అంతా మూత్రంలోనే బయటికి పోవాలి. అందుకని తడీ పెరుగుతుంది, ఘాటూ పెరుగుతుంది. వయసు మళ్లిన గుర్రానికి పిట్యూటరీ గ్రంథి జబ్బు ఉండొచ్చు, మూత్రపిండాలు దెబ్బతిని ఉండొచ్చు. పందెంలో ఊపిరితిత్తుల నుంచి రక్తం కారే గుర్రాలకు వాడే ఫ్యూరోసెమైడ్ మందు ఒక్క గంటలోనే లీటర్ల కొద్దీ నీళ్లు బయటికి తోస్తుంది. వీటిలో ఏదీ గడ్డి మారిస్తే పోయేది కాదు.

గుర్రం అలవాటు కూడా తెలిసి ఉండాలి. గట్టి నేల మీద మూత్రం పోయడం గుర్రానికి ఇష్టం ఉండదు, కాళ్ల మీద చిందుతుందని. మెత్తటి పక్క కనబడే దాకా ఆపుకుంటుంది. పందెం అయ్యాక మందుల పరీక్షకు మూత్రం పట్టాల్సి వచ్చినప్పుడు సైస్ చేసేదీ ఇదే. గుర్రాన్ని గడ్డి పరిచిన గదిలోకి తోలి, కాలితో గడ్డిని గలగలలాడిస్తూ సన్నగా ఈల వేస్తాడు. పొడుగాటి కర్రకు కట్టిన పాత్ర సిద్ధంగా ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ఆ ఈలకు అలవాటు పడ్డ గుర్రం నిమిషాల్లో కాళ్లు చాపుతుంది. కాబట్టి తాజా పక్క పరవగానే గుర్రం దాన్ని తడిపేస్తే అందులో పొగరేమీ లేదు. ఇంకో సంగతి: మగ గుర్రం గది నడిమధ్య తడుపుతుంది, ఆడ గుర్రం వెనక గోడ వైపు. మందంగా పరవాల్సిన చోటు అదే. గది అంతా ఒకే మందంలో పరవడం దండగ.

ఇక నేల. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి మీద ఒక అధ్యాయం ఉంది. ఒక్కో గుర్రానికి గుర్రం పొడవంత చతురస్రపు చోటు ఇవ్వాలని, నున్నటి పలకల నేల వేయాలని, మేత తొట్టి పెట్టాలని, మూత్రపురీషాలు బయటికి పోయే దారి ఉంచాలని చెప్పాడు. గ్రీకు సేనాని జెనోఫోన్ క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో రాసింది కూడా దాదాపు ఇదే. తడి నేల మంచి గిట్టను పాడు చేస్తుంది కాబట్టి నేల వాలుగా ఉండాలి, రాళ్లు పరవాలి అన్నాడు. ఒకరినొకరు ఎరగని ఈ ఇద్దరూ పట్టుబట్టింది నీళ్లు పోయే దారి మీదే.

హైదరాబాద్‌లో పాత నేలలు ఎక్కువగా షాబాదు బండ, తాండూరు బండ. బండ నీళ్లు పీల్చదు, కడిగితే శుభ్రపడుతుంది. కానీ తడిస్తే జారుతుంది, నాలు కొట్టిన గిట్టకు మరీ. బండల సందుల్లో సిమెంటు ఊడిపోయిన చోట మూత్రం కిందికి దిగి, అక్కడే నిలవుండి కుళ్లుతుంది. గుర్రం మూత్రంలో సున్నపు కణాలూ జిగురూ ఉంటాయి, అందుకే ఎండిన చోట తెల్లటి పొలుసు కడుతుంది. లాయంలో ఆ పొలుసు ఎక్కడ కట్టిందో చూస్తే వాలు ఎటు తప్పిందో తెలిసిపోతుంది. వాలు ఎక్కువ అక్కర్లేదు. పన్నెండడుగుల గదిలో గుమ్మం వైపుకు రెండు మూడంగుళాలు దిగితే చాలు. అంతకు మించితే గుర్రం నిలబడటంలో ఒక వైపు స్నాయువులు లాగుతాయి.

రబ్బరు మ్యాట్ల మీద నాకు మిశ్రమాభిప్రాయం ఉంది. కాళ్లకు మేలు, జారుడు తగ్గుతుంది, పరిచే సరుకు తక్కువ పడుతుంది. అయితే ముక్కలు ముక్కలుగా వేసిన మ్యాట్ అతుకుల్లోంచి మూత్రం అడుగుకు దిగుతుంది. తడి గుర్రం గదిలో మ్యాట్ ఎత్తి చూస్తే కళ్లు మండుతాయి. వారానికోసారి అన్నీ ఎత్తి, అడుగు కడిగి, ఎండబెట్టే ఓపిక ఉంటేనే ఈ ఖర్చు పెట్టాలి. ఒక్కో మ్యాట్ నలభై యాభై కిలోలుంటుందని ముందే తెలుసుకుంటే మంచిది. బారాత్ గుర్రాల షెడ్లలో మట్టి నేల లేదా మొరం నేల ఉంటుంది. నాసిరకమని చిన్నచూపు చూస్తారు గానీ, ఎండాకాలంలో మొరం నేల మూత్రాన్ని ఇంకించుకుని చల్లగా ఉంటుంది. ఆగస్టులో మాత్రం అదే గుంట పడి మడుగు అవుతుంది. ఏడాదికోసారి పైన ఆరంగుళాలు తవ్వి కొత్త మొరం కొట్టించక తప్పదు.

ఈ తూర్పు హైదరాబాద్‌లో మరో చిక్కు పల్లం. 2020 అక్టోబర్ 13 రాత్రి వానకు సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు నీళ్లలో నానిన సంగతి ఇక్కడి వాళ్లు మరవలేదు. లాయం కాలువను వాననీటి నాలాకు కలిపితే ఇలాంటి రాత్రి నీళ్లు వెనక్కి తన్నుతాయి. మూత్రం వెళ్లే దారి, వాన వెళ్లే దారి వేరు చేయడం కట్టేటప్పుడే చేయాల్సిన పని.

ఇప్పుడు సరుకు. పరిచేవాటిని నేను రెండు కులాలుగా చూస్తాను: పారించేవి, పీల్చేవి. గడ్డి పారించే కులం. పోచల మధ్య ఖాళీల్లోంచి మూత్రం కిందికి జారి, పైభాగం పొడిగా ఉంటుంది. కింద వాలు, కాలువ ఉంటేనే దానికి అర్థం. చెక్కపొట్టు, కొబ్బరిపొట్టు పీల్చే కులం. పడిన చోటే పట్టి ఉంచుతాయి, ఆ ముద్దను రోజూ తీసేయాలి. వాలు లేని మ్యాట్ మీద గడ్డి పరిస్తే కింద చెరువు నిలుస్తుంది. వాలున్న బండ మీద సన్నటి పొట్టు పోస్తే కాలువ పూడుతుంది. నేలకూ సరుకుకూ జోడీ తప్పినందుకే లాయాల్లో సగం గొడవలు.

మనకు దగ్గరి గడ్డి వరిగడ్డి. గోధుమ గడ్డి ఉత్తరాది పద్ధతి, ఇక్కడిది కాదు. గడ్డి ఏదైనా తన బరువుకు రెండింతల నీళ్లు పట్టడమే గొప్ప. రోజుకు ఇరవై ఐదు లీటర్లు పోసే గుర్రానికి మూత్రం లెక్కకే పన్నెండున్నర కిలోల గడ్డి రోజూ పారబోయాలన్నమాట. సైస్ చెప్పే "ఎంత వేసినా చాలదు" అనే మాట వెనక ఉన్న లెక్క ఇది. వరిగడ్డికి మరో గుణం, గుర్రం దాన్ని తింటుంది. సిలికా ఎక్కువ, సత్తువ తక్కువ, ఆకలేసి తిన్న గుర్రానికి పేగుల్లో ముద్ద కట్టి కడుపునొప్పి వస్తుంది. ఇక వానాకాలం పందేలకు దొరికేది యాసంగి గడ్డి, ఏప్రిల్, మే కోతలది. హార్వెస్టర్ కోసిన గడ్డి నలిగి పొట్టిగా ఉంటుంది, పారించే గుణం సగం పోయినట్టే. కోతల వేళ అకాల వాన పడిందా, బేళ్ల లోపల బూజు. బేలు మధ్యలో చేయి దూర్చి చూడాలి. వేడిగా తగిలినా, దులిపితే బూడిద లాంటి పొడి రేగినా వెనక్కి పంపాలి. బూజు పీల్చిన గుర్రానికి దగ్గు పట్టుకుంటే ఆ సీజన్ పోయినట్టే. గడ్డి పక్షాన చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది. 2004లో డెన్మార్క్ పరిశోధకులు చూసినప్పుడు, చెక్కపొట్టు మీద కంటే గడ్డి మీద గుర్రాలు ఒక వైపుకు వాలి పూర్తిగా పడుకునే సమయం ఎక్కువగా తేలింది. గుర్రం నిలబడి కునుకు తీయగలదు గానీ పూర్తి నిద్ర పడుకుంటేనే. తడి పక్క మీద పడుకోవడానికి గుర్రం ఇష్టపడదు.

చెక్కపొట్టులో రెండు రకాలున్నాయి. రంపం కింద రాలే సన్నటి పొడి, రందా పట్టినప్పుడు చుట్టలు చుట్టుకుంటూ లేచే పొరలు. పొడి ఎక్కువ పీలుస్తుంది, కానీ ముక్కుల్లోకి పోతుంది. పొరలు తక్కువ పీలుస్తాయి, దుమ్ము తక్కువ, తడిసిన చోట ముద్దగా కట్టి తీయడం తేలిక. తడి గుర్రానికి రెండూ కలిపి, అడుగున పొడి, పైన పొరలు వేసేవాళ్లున్నారు, అది తెలివైన పద్ధతే. కానీ ఫర్నిచర్ దుకాణం సంచిలో ఏముందో మనకు తెలియదు. ప్లైవుడ్, ఎండీఎఫ్ కోసిన పొడిలో జిగురు మందులుంటాయి. నల్ల అక్రోట్ చెక్క పొట్టు కొంచెం కలిసినా ఒక్క రోజులోనే గుర్రం గిట్టలు మండి నడవలేకపోతుందని అమెరికా గుర్రాల వాళ్లకు బాగా తెలుసు. కాబట్టి ఒకే రకం కలప కోసే టింబర్ డిపోను పట్టుకోవడం మేలు. ఇంకొకటి, అన్నిటికన్నా ఎక్కువ మరిచిపోయేది: పచ్చి కలప పొట్టులో సగం బరువు నీళ్లే. ఆగస్టులో డిపో ముందు ఆరుబయట కుప్పపోసిన పొట్టు కొని తెస్తే, డబ్బిచ్చి నీళ్లు కొన్నట్టే. గుప్పెడు పిసికి చూడండి. వదిలితే విడిపోవాలి, ఉండ కట్టకూడదు.

కొబ్బరిపొట్టు మీద ఈ మధ్య మోజు పెరిగింది, కారణం ఉంది. కోనసీమలో పీచు తీశాక మిగిలే పొట్టు పొడిగా ఉంటే తన బరువుకు ఐదారింతలు సులువుగా పీలుస్తుంది. వాసన కూడా బాగా అణుగుతుంది. మొక్కల కోసం అమ్మే ఐదు కిలోల ఇటుకలు బకెట్ల కొద్దీ నీళ్లు తాగి ఉబ్బడం అందరూ చూసిందే. ఆ ఇటుకను నీళ్లలో నానబెట్టి విప్పితే మన పని చెడుతుంది, పొడిగానే పగలగొట్టాలి. దీని రంగు ముదురు కాబట్టి తడి ఎక్కడుందో కంటికి కనబడదు, చెప్పు తీసి పాదంతో వెతకాలి. తెల్ల గుర్రానికి, అంటే బారాత్‌కు గిరాకీ ఉన్న గుర్రానికి, గోధుమ రంగు మరకలు పడతాయి. పెళ్లివాళ్లు ఒప్పుకోరు.

వరి ఊక గురించి మోజు పడేవాళ్లను నేను వారిస్తాను. మిర్యాలగూడ మిల్లుల నుంచి విజయవాడ రోడ్డు మీదుగా ఎల్బీనగర్ దాకా లారీలొస్తాయి, చవక, కోళ్లఫారాలన్నీ వాడతాయి. కానీ ఊక పైపొర నున్నగా ఉండి నీళ్లు పట్టదు, కదిలితే కాళ్ల కింద జారి నేల బయటపడుతుంది, గరుకు ధూళి కళ్లలో పడుతుంది. కోళ్లఫారంలో ఒకసారి వాడిన ఊకనైతే దగ్గరికి కూడా రానివ్వకూడదు. కోళ్ల దాణాలో కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు గుర్రం గుండెకు విషం. చెరకు పిప్పిలో మిగిలిన తీపికి చీమలు, పులుపు, బూజు. వేరుశనగ తొక్కకు కూడా బూజు భయమే. ఇసుక బాగా పారిస్తుంది, చల్లగా ఉంటుంది, కానీ నేల మీద మేత వేస్తే ఇసుక కడుపులోకి పోయి కడుపునొప్పి తెస్తుంది. ఐర్లండ్‌లో పీట్, యూరప్‌లో హెంప్ నారమొక్క బెండు, గడ్డి గుళికలు వాడతారు. వాటిని ఇక్కడికి దింపించుకునే ఖర్చుతో ఇద్దరు సైస్‌లకు జీతమివ్వొచ్చు.

ఘాటు సంగతి వేరే చెప్పాలి. మూత్రంలోని యూరియాను లద్దెలోని సూక్ష్మజీవులు అమోనియాగా మారుస్తాయి. తడి, వేడి, క్షారగుణం మూడూ ఉంటే ఆ పని వేగంగా సాగుతుంది. గుర్రం మూత్రం సహజంగానే క్షారం. అయినా మన లాయాల్లో తడి చోట సున్నం చల్లే అలవాటు పోలేదు. సున్నం క్రిములను చంపుతుందన్నది నిజమే, కానీ క్షారాన్ని ఇంకా పెంచి అమోనియాను ఒక్కసారిగా పైకి లేపుతుంది, పైగా తడి చర్మాన్ని కాలుస్తుంది. దానికి బదులు జియోలైట్ వాడొచ్చు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో అమోనియా తగ్గించడానికి బస్తాలకు బస్తాలు చల్లేది అదే, దుకాణాల్లో దొరుకుతుంది. మనుషులు పనిచేసే చోట అమోనియా 25 పీపీఎం దాటకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు. మీటరు లేనివాళ్లు తెల్లవారుజామున తలుపు తీయగానే గొంతుక్కూర్చుని నేలకు జానెడు ఎత్తులో ముక్కు పెట్టి చూడాలి. నిలబడి వాసన చూసి బాగుందనడం సరిపోదు. పడుకున్న గుర్రం ముక్కు ఉండేది కిందే. అక్కడ కళ్లు చెమర్చితే ఊపిరితిత్తులు రాత్రంతా దాన్నే పీల్చాయని అర్థం. తడిసి కుళ్లిన గడ్డి లద్దెతో కలిస్తే కుట్టే ఈగ గుడ్లు పెట్టేది అందులోనే. సర్రా జబ్బును ఒక గుర్రం నుంచి ఇంకో గుర్రానికి మోసే ఈగల్లో అది కూడా ఉంది. గిట్ట అడుగున నల్లగా కారే కుళ్లు కూడా ఈ తడి పుణ్యమే.

రోజువారీ పని మీద కూడా పాత తగువు ఒకటుంది. కొందరు తడిసిన దాని మీదే కొత్తది వేస్తూ పోయి నెలకోసారి మొత్తం తవ్వి పోస్తారు. చలిదేశాల్లో ఆ అడుగు పొర వేడి పుట్టించి గుర్రాన్ని కాపాడుతుంది. మన ఆగస్టులో ఆ వేడి ఎవరికి కావాలి? తడి గుర్రానికి ఆ పద్ధతి అసలు పనికిరాదు. మంచి సైస్ చేసే తీరు చూస్తే విషయం అర్థమవుతుంది. పొద్దున గుర్రం ట్రాక్‌కు వెళ్లగానే లద్దె గమేళాలోకి ఎత్తుతాడు. పొడిగా ఉన్న పక్కను పంజాతో గోడల వెంట గట్టులా ఎగదోస్తాడు. నడిమి తడి ముద్దను పారతో నేల కనబడేదాకా గీకి తీస్తాడు. ఆ నేలను ఓ గంట తలుపులు తెరిచి ఆరనిస్తాడు. తరువాత పాత పొడిదాన్ని తడి చోటికి లాగి, కొత్తదాన్ని గట్టు మీద వేస్తాడు. కొత్తది నేరుగా తడి చోట పోసేవాడికి సరుకు రెండింతలవుతుంది. మధ్యాహ్నం ఇంకోసారి, రాత్రి మేతకు ముందు మరోసారి తడి ముద్ద తీయాలి. ఇక వానలో ట్రాక్ నుంచి, లేదా స్నానం నుంచి వచ్చిన గుర్రాన్ని నీళ్లు కారుతుండగానే గదిలో కట్టేస్తే ఇదంతా వృథా. ఒళ్లు గీకి, నాలుగు చుట్లు తిప్పి లోపలికి తేవాలి.

ఎత్తిన చెత్త ఎక్కడికి పోతుందన్నది కూడా సరుకు ఎంపికలో భాగమే. గడ్డీ లద్దే కలిసిన ఎరువుకు పుట్టగొడుగుల పెంపకందార్లూ తోటలవాళ్లూ వస్తారు. చెక్కపొట్టు కలిసిన ఎరువు చివకడానికి ఏళ్లు పడుతుంది, నేలలో నత్రజనిని తానే తినేస్తుంది కాబట్టి రైతు వద్దంటాడు.

ఇన్నీ చూశాక నా తీర్పు ఇది. వాలూ కాలువా బాగున్న బండ గదిలో, పొడి నెలల్లో, చేతికోత వరిగడ్డికి మించింది లేదు. గుర్రం తినకుండా వేరే మేత సరిపడా పెట్టాలి. జులై నుంచి అక్టోబర్ దాకా మాత్రం తడి గుర్రం గదిలో గడ్డి మానేసి, అడుగున తడి చోట మాత్రమే కొబ్బరిపొట్టు, పైన రందా పొరలు వేయాలి. బారాత్ గుర్రం షెడ్డులో మొరం నేల ఎత్తు పెంచి, కప్పు నుంచి కారే నీటిని ఆపి, పొరలు వేస్తే చాలు. సరుకు నిలవ ఉంచే గదికి మంచి కప్పు, కింద చెక్క పలకలు ఉండటం, ఏ సరుకు కొన్నామన్నదానికంటే ముఖ్యం.

యజమానులకూ ట్రైనర్లకూ ఒక్క విన్నపం. ఒక్కో సైస్‌కు రెండు మూడు గుర్రాలు అప్పగించడం మన దగ్గర మామూలు. తడి గుర్రం రోజుకు మూడుసార్లు పక్క తీయించుకుంటుంది, అంటే అదొక్కటే రెండు గుర్రాల పని. దాన్ని చూసే సైస్‌కు మూడోది కట్టకండి.